ఒక్క ఊపిరికి ఎంత 'ఆ'?

శ్రోతలకు నమస్కారం. చెడుగుడు ఆటలో కూతకు వెళ్లినవాడు ఊపిరి అయిపోగానే ఆగిపోతాడు కదా. పిల్లల గొంతును పరీక్షించే స్పీచ్ థెరపిస్టులు కూడా ఇంచుమించు అదే చూస్తారు. నిండుగా గాలి పీల్చుకుని 'ఆ...' అని ఆపకుండా అనమంటారు. ఎన్ని సెకన్లు అన్నారో గడియారంలో చూసి రాసుకుంటారు.

సుమారుగా చెప్పాలంటే, మూడు నాలుగేళ్ల పిల్లలు 5 నుంచి 10 సెకన్ల లోపే ఆగిపోతారు. ఆరేడేళ్లు వచ్చేసరికి చాలామంది 10 సెకన్లు దాటుతారు. పదేళ్లు దాటాక 15 సెకన్ల దరిదాపుల్లో ఉంటారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లయితే 20 సెకన్లు, కొందరు ఇంకా ఎక్కువసేపు అనగలరు.

వయసుతో ఊపిరితిత్తులు, ఛాతీ పెద్దవవుతాయి, గాలి ఎక్కువ పడుతుంది. ఇది అందరూ ఊహించేదే. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది గాలిని పొదుపుగా వాడటం. మూడేళ్ల పిల్ల 'ఆ' అనడం గమనించండి. మొదట్లోనే గట్టిగా అనేసి, ఉన్న గాలంతా ఒక్కసారే వదిలేస్తుంది. పొట్ట, పక్కటెముకల కండరాలను బిగబట్టి గాలిని కొద్దికొద్దిగా వదలడం ఏళ్ల తరబడి మాట్లాడుతూ, పాడుతూ అలవాటయ్యే పని. గొంతులో కదులుతూ శబ్దం పుట్టించే స్వరతంతువులూ అప్పటికి లేతగానే ఉంటాయి. పుట్టినప్పుడు కొద్ది మిల్లీమీటర్లే ఉండే ఆ తంతువుల లోపలి పొరలు పూర్తిగా రూపుదిద్దుకునేది యుక్తవయసులోనే.

అందుకే అమ్మానాన్నలకు ఒక మాట. ఇంట్లో ఒకసారి కొలిచి, పక్కింటి పిల్లాడికంటే తక్కువ వచ్చిందని టెన్షన్ పడకండి. చిన్నపిల్లలకు 'ఎంతసేపు వీలైతే అంతసేపు' అన్నమాట సరిగా అర్థం కాదు. మధ్యలో నవ్వుతారు, ఆపేస్తారు. మీరూ వాళ్లతో కలిసి అనండి. 'ఆ' అంటున్నంతసేపూ పలక మీద వేలితో గీత గీస్తూ పొమ్మనండి, ఇష్టంగా చేస్తారు. మూడుసార్లు అనిపించి, ఎక్కువ వచ్చిందే లెక్కలోకి తీసుకోవాలి.

చూడాల్సింది గొంతు తీరు. రోజూ అరుస్తూ ఆడే పిల్లల్లో స్వరతంతువుల మీద చిన్న బుడిపెలు రావచ్చు. అప్పుడు తంతువులు పూర్తిగా మూసుకోక సందులోంచి గాలి జారిపోతుంది, 'ఆ' పొట్టిదైపోతుంది. దీన్ని పట్టుకోవడానికి పాములా 'స్స్...' అని, తేనెటీగలా 'జ్జ్...' అని విడివిడిగా అనిపిస్తారు. మొదటిదానికి గాలి చాలు, రెండోదానికి తంతువులు కూడా కదలాలి. మామూలుగా రెండూ ఇంచుమించు సమానంగా ఉంటాయి. 'స్స్' బాగా సాగి 'జ్జ్' త్వరగా తెగిపోతుంటే తంతువులను పరీక్షించాల్సిందే.

జలుబు తగ్గాక కూడా రెండు మూడు వారాలపాటు గొంతు బొంగురుగానే ఉంటే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఆపరేషన్ అంటారేమోనని భయపడి ఆలస్యం చేయకండి. పిల్లల్లో వచ్చే ఈ బుడిపెలకు చాలావరకు అరుపులు తగ్గించి, గొంతు వాడే పద్ధతి నేర్పే థెరపీయే మొదటి వైద్యం. నమస్కారం.