ఆకు తిన్నదెవరు? మిద్దె తోటలో టార్చి పట్టుకుని

తమ్ముడు: అందరికీ నమస్తే. ఈ వారం మీరు పంపిన ప్రశ్నల్లో ఎక్కువగా వచ్చింది ఒకటే. “వంగ ఆకులు జల్లెడ అయిపోయాయి, ఏ మందు కొట్టాలి?” అక్కా, మీరే చెప్పండి.

అక్క: మందు సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ. ముందు తిన్నదెవరో తేలాలి కదా. వంగ ఆకులో పచ్చదనమంతా గీకేసి, ఈనెలు మాత్రం మిగిల్చి, ఆకు ఎండినట్టు కనిపిస్తోందంటే అక్షింతల పురుగు పని. ఆకు తిప్పి చూడండి. పసుపు రంగులో, ఒళ్లంతా ముళ్లతో పిల్లపురుగులు దొరుకుతాయి.

తమ్ముడు: అక్షింతల పురుగులు మంచివి, చంపొద్దు అంటారు కదా!

అక్క: రెండూ ఒకే కుటుంబం, అందుకే ఈ తికమక. పేనుబంకను తిని మనకు మేలు చేసేది నున్నగా మెరుస్తుంది. వంగ ఆకు తినేదానికి మెరుపుండదు. ఇటుక రంగులో ఉంటుంది, ఒంటి మీద సన్నని నూగు, చుక్కలు కూడా ఎక్కువ. కొన్నిటికి 28 దాకా ఉంటాయి. మెరిసేదాన్ని వదిలేయండి, మెరవనిదాన్ని సబ్బు నీళ్లలో వేయండి.

తమ్ముడు: మరి నాకు పగలు ఎంత వెతికినా ఏమీ కనిపించదు. పొద్దున లేచేసరికి ఆకు ఉండదు.

అక్క: కింది ఆకుల మీద నల్లటి రెట్టలు పడున్నాయా?

తమ్ముడు: ఉన్నాయి, మొక్కకు ఏదో జబ్బు అనుకున్నా.

అక్క: అయితే లద్దె పురుగే. పెద్దదయ్యాక పగలు కుండీ మట్టిలోనో, ఎండాకుల కిందో దాక్కుంటుంది, చీకటి పడ్డాక పైకెక్కి తింటుంది. అన్నాలు తిన్నాక టార్చి పట్టుకుని మేడ ఎక్కు, దొంగ దొరుకుతాడు. అయినా పెద్ద పురుగు దాకా రానివ్వకూడదు. దీని తల్లి పురుగు ఆకు అడుగున వందల గుడ్లు ఒకేచోట పెట్టి, పైన గోధుమ రంగు నూగు కప్పుతుంది. పిల్లలు బయటికొచ్చాక కొన్నాళ్లు అన్నీ ఆ ఒక్క ఆకు మీదే ఉంటాయి. ఆ ఆకు తెల్లబడి పలచగా కనిపిస్తుంది. అప్పుడే తుంచేస్తే గుంపు గుంపంతా పోతుంది. నన్నడిగితే, సరైన సమయంలో తుంచిన ఆ ఆకు ముందు వేపనూనె సీసా కూడా దిగదుడుపే.

తమ్ముడు: అంత ఓపికగా ప్రతి ఆకూ తిప్పి చూడాలా?

అక్క: అక్కర్లేదు. మిరప, పొగాకు చేల చుట్టూ రైతులు ఆముదం ఎందుకు వేస్తారనుకుంటున్నావు? తల్లి పురుగుకి ఆముదం ఆకంటే ఇష్టం, గుడ్లు అక్కడే పెడుతుంది. మేడ మీద ఒక మూల పాత బకెట్‌లో ఒక్క మొక్క పెంచు, దాని ఆకులు చూసుకుంటే చాలా వరకు సరిపోతుంది. ఒక్క మాట, ఆముదం గింజలు విషం. చిన్నపిల్లలున్న ఇంట్లో గెల రాగానే కోసేయాలి.

తమ్ముడు: వేపనూనె ఎందుకు పనిచేయట్లేదని చాలామంది విసుక్కుంటున్నారు అక్కా.

అక్క: మిట్ట మధ్యాహ్నం కొడతారు, ఆకు పైనే కొడతారు, మర్నాడు పురుగు చావలేదని కూర్చుంటారు! వేప పురుగును అక్కడికక్కడే చంపదు. తిండి మీద రోత పుట్టిస్తుంది, కుబుసం విడవనీయకుండా చేస్తుంది. ఎండకు దాని బలం పోతుంది. అందుకే సాయంత్రం, ఆకు అడుగున తడిచేలా కొట్టాలి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల నూనె. ముందు కాస్త సబ్బు నీళ్లలో కలపకపోతే నూనె పైన తేలి, చివర్లో చిక్కగా పడి ఆకు మాడుతుంది. నాకైతే నూనె కన్నా గింజల కషాయం మీదే గురి. 50 గ్రాముల వేప పప్పు పొడి గుడ్డలో మూటకట్టి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున బాగా పిండి వడకట్టి, చిటికెడు సబ్బు పొడి కలిపి ఆ సాయంత్రమే కొట్టేయాలి. నిల్వ పెట్టొద్దు. వేలెడంత లావైన లద్దె పురుగుకి మాత్రం ఇదేమీ ఆనదు, దాన్ని చేత్తో ఏరడమే.

తమ్ముడు: మరి బీటీ పొడి? అదే, పురుగుల్ని చంపే బ్యాక్టీరియాతో చేసే మందు.

అక్క: క్యాబేజీ, కాలీఫ్లవర్ వేసినవాళ్లకు మంచిది. షాపులో మామూలుగా దొరికే రకం గొంగళి పురుగులకే, అదీ చిన్నగా ఉన్నప్పుడే. పెంకు పురుగుల మీద పనిచేయదు. సొర, గుమ్మడి మొలకల్ని తినే ఎర్ర పెంకు పురుగు ఉంది చూడు, దానికి రెండాకుల మొక్క దొరికితే చాలు, ఒక్కపూటలో ఖాళీ. మొలకల మీద దోమతెర ముక్క కప్పండి, పూత మొదలవగానే తీసేయండి. లేకపోతే తేనెటీగలు రాక పిందె పడదు. తెర లేనివాళ్లు తెల్లవారుజామున వెళ్లండి, అప్పుడవి మందకొడిగా ఉంటాయి, చేతికి దొరుకుతాయి.

తమ్ముడు: ఊరి నుంచి పొలం మందు సీసాలు తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు…

అక్క: వద్దే వద్దు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని ప్రభుత్వం 2005లోనే చెప్పింది. పొద్దున కోసి మధ్యాహ్నం పప్పులో వేసే తోటకూర మీద అదా కొట్టేది? పొగాకు కషాయం కూడా ఆకుకూరల మీద వద్దు, అందులో ఉన్న నికోటిన్ మనకూ విషమే. తోటకూరకు చిల్లులు పడితే ఏముంది, పురుగున్న ఆకు తీసేసి, మిగతాది కడిగి వండుకోండి.

తమ్ముడు: చివరి ప్రశ్న. “కరివేపాకు మీద కాకి రెట్టలు పడ్డాయి, అవి కదులుతున్నాయి!”

అక్క: (నవ్వు) సీతాకోకచిలుక పిల్లలు అవి. చిన్నప్పుడు పిట్ట రెట్టలా కనిపిస్తాయి, పెద్దయ్యాక పచ్చగా మారతాయి. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ము బయటపెట్టి ఘాటు వాసన కొడతాయి. భయపడకండి, కరవవు. నేలలో బాగా ఎదిగిన చెట్టైతే వదిలేయండి, మళ్లీ చిగురేస్తుంది. కుండీలో చిన్న మొక్కైతే మాత్రం రెండు పురుగులు చాలు, బోడి కొమ్మలు మిగల్చడానికి. ఏరి పక్కింటి నిమ్మచెట్టు మీద…

తమ్ముడు: అక్కా!

అక్క: వాళ్లనడిగే లేవయ్యా.