నలుపు ఎందుకు ఆకుపచ్చగా మారింది? ఇంటి ప్రింటరుపై నెల్లూరులో చర్చ

(నెల్లూరులో ఒక కళాశాల పూర్వ విద్యార్థులు తమ పెద్దల పాత నలుపు తెలుపు ఫోటోలను ఇంటి ఇంక్‌జెట్ ప్రింటరు మీద తీసి ప్రదర్శించారు. హాల్లో బాగానే ఉన్నవి వరండాలోకి తేగానే ఆకుపచ్చగా కనబడ్డాయి. "పెద్దల ఫోటోలకు ఇది అవమానం" అంటూ వాట్సాప్ బృందాల్లో వారం రోజులు గొడవ నడిచింది. చర్చలో ఎవరు ఎలా మాట్లాడితే అలాగే ఇస్తున్నాము. కొన్ని మాటలు ఒకదానిపై ఒకటి పడ్డాయి.)

వ్యాఖ్యాత: నమస్కారం. సూటిగా అడుగుతున్నాను. ఇంటి ప్రింటరు స్టూడియోల పొట్ట కొట్టిందా? పెద్దాయన గారూ, ట్రంకు రోడ్డులో మీది రెండు తరాల స్టూడియో.

స్టూడియో యజమాని: పొట్ట మాట తరువాత. మా నాన్నగారు ఎర్రదీపం కింద కడిగిన, వెండి లవణం పూత ఉన్న బ్రొమైడ్ కాగితం ఫోటోలు నా గోడ మీద ఇప్పటికీ నల్లగానే ఉన్నాయి. అది వెండి నలుపు. వీళ్ళది సిరా నలుపు, నాలుగు ఎండలు తగిలితే...

విశ్రాంత అధ్యాపకుడు: ఆగండి. తప్పు సిరాది కాదు, సెట్టింగుది. మామూలు ఇంక్ ట్యాంక్ ప్రింటరులో ఉండేవి నాలుగు రంగులే. చాలావాటిలో నల్ల సిరా పిగ్మెంటు, అంటే నీళ్ళలో కరగని రంగు పొడి. మిగతా మూడూ డై, అంటే కరిగిపోయే రంగు. నిగనిగలాడే కాగితానికి పిగ్మెంటు నలుపు సరిగా పట్టదు, వేలితో రాస్తే ఊడివస్తుంది. అందుకే గ్లాసీ కాగితం అని చెప్పగానే ప్రింటరు నల్ల సీసాను ముట్టదు. సయాన్ అనే నీలం, మెజెంటా అనే గులాబీ, పసుపు కలిపి నలుపు వండుతుంది. వాటిలో ఒకటి పిసరంత ఎక్కువైతే చాలు...

వ్యాఖ్యాత: అంటే స్టూడియోకు వెళ్ళనక్కర లేదంటారు?

అధ్యాపకుడు: ఆ మాట నేననలేదు! హాల్లో ట్యూబులైటు, వరండాలో ఎండ. మూడు రంగులు కలిపిన బూడిద రంగు వెలుగు మారితే తానూ మారుతుంది.

గృహిణి (కోవూరు): నేను గ్రేస్కేల్ అనే, అంటే నలుపు తెలుపు సెట్టింగే, పెట్టానండీ. మా తాతగారి ఫోటో...

అధ్యాపకుడు: గ్రేస్కేల్ ఒక్కటే చాలదమ్మా! కాగితం గ్లాసీ అని ఎంచారు కదా? ఇక మూడు రంగులే కలుస్తాయి. మెరుపు లేని మ్యాట్ కాగితం పెట్టండి, సెట్టింగులో మామూలు కాగితం అని చెప్పండి, అప్పుడు గ్రేస్కేల్ నొక్కండి. నల్ల సిరా పని చేస్తుంది. ముందు చిన్న ముక్క మీద తీసి చూసుకోండి.

యజమాని: తీసి చూడమ్మా, మొహం మీద మినుములు చల్లినట్టు వస్తుంది.

అధ్యాపకుడు: అది ఒప్పుకుంటాను. ఒక్క నలుపుతో లేత బూడిద రావాలంటే చుక్కలు ఎడంగా వేయక తప్పదు. తెల్ల చొక్కా మీద, నుదుటి మీద అవి కనబడతాయి. అందుకే ప్రింటర్ల కంపెనీ ఎప్సన్ 2005లో మూడు మోతాదుల నలుపు ఉన్న ఇంకులు తెచ్చింది. ముదురు, లేత, మరీ లేత...

యజమాని: ధర కూడా చెప్పండి!

వ్యాఖ్యాత: నేనూ అదే అంటున్నాను. ధర, స్టూడియోలు...

అధ్యాపకుడు: (గొంతు పెంచి) ధర కాదు, అవగాహన కావాలి! మీ వెండి ఫోటోలు మాత్రం పసుపెక్కలేదా? ఫోటోను నిలిపే మందు హైపోను సరిగా కడగకపోతే ఏమవుతుంది? ఆ హైపో వెండి లవణాలను కరిగిస్తుందని 1819లో కనుక్కున్నది ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్. ఫోటో నిలపడానికి పనికొచ్చింది 1839లో. ఆ ఇరవై ఏళ్ళలో...

గృహిణి: ఒక్క మాట చెప్పనివ్వండి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మా ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. అసలు ఫోటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. అంతకు ముందు ఫోనులో తీసుకున్న నకలే నేను ప్రింటు తీసింది.

యజమాని: అద్దానికి అతుక్కుందా? పీకలేదు కదా? పీకవద్దమ్మా, పైపొర ఊడి అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా తీసుకురండి, అలాగే స్కాన్ చేసి...

అధ్యాపకుడు: స్కాన్ 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కలతో, చేయించాలి. ఆరు అంగుళాలకు నాలుగు అంగుళాల ప్రింటు 300 డీపీఐలో రావాలంటే 1800కు 1200 పిక్సెళ్ళు కావాలి. ఫోను నకలు...

యజమాని: నేను చెబుతున్నది అద్దం గురించి!

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు.)

వ్యాఖ్యాత: వరదల్లో స్టూడియోలు కూడా దెబ్బతిన్నాయి కదా? ఆ కోణం...

యజమాని: నా మాట పూర్తి కానివ్వరా? సరే, ప్రింటరు సంగతే చెబుతాను. నెల్లూరు ఉక్కలో ఆ ప్రింటు ఎప్పుడు ఆరాలి? ఆరకుండా ఫ్రేము కడితే అదీ అద్దానికి అంటుకుంటుంది.

అధ్యాపకుడు: ఒక రోజంతా ఆరనివ్వాలి. ఫోటోకూ అద్దానికీ మధ్య మౌంటు అట్ట ఉండాలి. వారానికొక పేజీ తీస్తుంటే సిరా చిమ్మే నాజిళ్ళు మూసుకుపోవు. ఇంకొకటి, కంప్యూటర్ తెర వెలుగు బాగా పెంచి ఫోటోను సరిచేస్తారు, ప్రింటు చీకటిగా వస్తుంది, ప్రింటరును తిడతారు...

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. జాగ్రత్తగా చేస్తే ఇంట్లోనే తీసుకోవచ్చని తేలింది. మరి స్టూడియోల...

యజమాని: ఏమి తేలింది? ఎవరు తేల్చారు?

అధ్యాపకుడు: తెర వెలుగు సగానికి తగ్గించి...

గృహిణి: పెద్దాయన గారూ, ఆ అద్దం ఇంటి దగ్గరే ఉంది. రేపు తేనా?

(యజమాని జవాబు రికార్డులో వినబడలేదు. అధ్యాపకుడు తెర వెలుగు గురించి ఇంకా చెబుతున్నారు.)