మాట్లాడే హక్కు, మూడు తరాల భయం

శ్రోతలకు నమస్కారం.

1975 జూన్ 26 ఉదయం ప్రధానమంత్రి ఇందిరాగాంధీ ఆకాశవాణిలో మాట్లాడి, రాష్ట్రపతి అత్యవసర పరిస్థితిని ప్రకటించారనీ, కంగారు పడవలసిందేమీ లేదనీ చెప్పేనాటికి నాకు పదేళ్లు. ఆ ప్రసంగం నాకు గుర్తు లేదు. గుర్తున్నది మా నాన్నగారి అలవాటు. ప్రభుత్వ పాఠశాలలో పంతులుగా పనిచేసే ఆయన రాత్రి భోజనాలయ్యాక వీధి తలుపు గడియ పెట్టి, ట్రాన్సిస్టరును చెవికి ఆనించుకుని, బీబీసీ వార్తలు దొరికేదాకా ముల్లును మెల్లగా తిప్పేవారు. నేనేదైనా అడిగితే "గోడలకు చెవులుంటాయి, పడుకో" అనేవారు. 1977 మార్చిలో ఎమర్జెన్సీ పోయింది, పత్రికల మీద సెన్సారు పోయింది. నాన్నగారు మాత్రం ఆ తర్వాత కూడా రాజకీయాల మాట వస్తే ముందు కిటికీ వైపు ఒకసారి చూసి, అప్పుడు గొంతు విప్పేవారు.

ఇప్పుడు మా అమ్మాయికి ఇరవై రెండేళ్లు. మంత్రి మాటనైనా, కోర్టు తీర్పునైనా నచ్చకపోతే నచ్చలేదని తన పేరుతోనే ఫోనులో రాస్తుంది. ఎనభై ఎనిమిదేళ్ల తాతయ్య అది చూసి బెంగపడతారు. అయితే అదే పిల్ల ఈ మధ్య ఒక సాయంత్రం, సినిమా హీరోల అభిమానులు ఆడవాళ్ల మీద వాడే భాష గురించి నాలుగు వాక్యాలు రాసుకుని, రెండుసార్లు చదువుకుని, చెరిపేసింది. ఎందుకమ్మా అని ఆయన అడిగితే, "ప్రభుత్వం ఏమీ అనదు తాతయ్యా, ముక్కూ మొహం తెలియని వందమంది వచ్చి మీద పడతారు, ఇంట్లో అమ్మనూ వదలరు" అంది. అలాంటివాళ్లను అసలు రాయనివ్వకూడదని కూడా అంది. "రాయనివ్వకుండా ఆపే అధికారం ఎవరి చేతిలో పెడతావు?" అన్నారు నాన్నగారు. ఆ ప్రశ్న దగ్గర ఇద్దరూ ఆగిపోయారు.

వారిద్దరి మధ్య కూర్చున్న నాకు అర్థమైందేమిటంటే, ఏ తరమైనా తన యవ్వనంలో దెబ్బ ఏ వైపు నుంచి తగిలిందో జీవితాంతం ఆ వైపే కాపలా కాస్తుంది, రెండో వైపు నుంచి కూడా దెబ్బ తగలవచ్చునన్న సంగతి దానికి ఒక పట్టాన తట్టదు. నిజానికి ఈ రెండు దెబ్బలూ తెలుగునేలకు కొత్తవి కావు. తమిళనాట తిరునల్వేలిలో పోలీసులు జరిపిన కాల్పులను ఖండిస్తూ రాసినందుకు 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రిక సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావును ఆంగ్ల ప్రభుత్వం రాజద్రోహం కింద జైలుకు పంపింది. ఆయనకు అప్పటికి పాతికేళ్లు నిండలేదు, శిక్ష 3 ఏళ్లు. నాన్నగారు భయపడే ప్రమాదం ఇది. 1948 ఆగస్టులో హైదరాబాదు కాచిగూడలో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను రజాకార్లు కాపు కాసి, చేయి నరికి, కాల్చి చంపారు. నిజాం రాజ్యం భారత యూనియన్‌లో కలవాలని రాయడమే ఆయన చేసిన నేరం. ఆయనకు వారంటు పంపినవారు లేరు, కేసు పెట్టినవారు లేరు, వచ్చింది గుంపు. మా అమ్మాయి భయం ఈ జాతిది, ఆయుధమే మారింది.

దెబ్బ తిన్న తరం అధికారంలోకి వచ్చాక ఎలా ఆలోచిస్తుందన్నది ఇంకా ముఖ్యమైన సంగతి. 'క్రాస్‌రోడ్స్' వారపత్రికను మద్రాసు రాష్ట్రంలోకి రానివ్వకుండా ప్రభుత్వం పెట్టిన నిషేధాన్ని 1950 మేలో సుప్రీంకోర్టు కొట్టేసింది. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పటికి ఆ రాష్ట్రంలోనివే. ఏడాది తిరిగేసరికి, 1951 జూన్‌లో, తొలి రాజ్యాంగ సవరణతో 19వ అధికరణంలో వాక్ స్వాతంత్ర్యంపై పరిమితులను పెంచారు. పెంచినవారిలో ఆంగ్లేయుల జైళ్లలో ఏళ్ల తరబడి గడిపినవారున్నారు. వారిని కపటులని నేననను. దేశ విభజన నాటి రక్తపాతాన్ని కళ్లారా చూసిన మనుషులు వారు. అయినా ఆ సవరణ నాకు నేటికీ బాధగానే ఉంటుంది.

2009లో అమల్లోకి వచ్చిన, సమాచార సాంకేతిక (ఐటీ) చట్టంలోని 66ఎ సెక్షను, ఇంటర్నెట్‌లో ఎదుటివారికి చిరాకు కలిగించే రాతకు సైతం 3 ఏళ్ల వరకు జైలు అంది. హరిసర్వోత్తమరావుకు పడినన్ని ఏళ్లే! 2012 నవంబరులో, శివసేన నాయకుడు బాల్ ఠాక్రే మరణించినప్పుడు జరిగిన బంద్‌ను ప్రశ్నిస్తూ మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది, ఇంకొక అమ్మాయి దానికి లైకు కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. దానిపై శ్రేయా సింఘాల్ అనే న్యాయ విద్యార్థిని సుప్రీంకోర్టుకు వెళితే, 2015 మార్చి 24న న్యాయమూర్తులు జాస్తి చలమేశ్వర్, నారిమన్ ఆ సెక్షనును కొట్టేశారు. చర్చించడం, సమర్థించడం ఎంత అప్రియంగా ఉన్నా హక్కేననీ, ఉసిగొల్పడం దగ్గరే చట్టం అడ్డుకోవచ్చుననీ ఆ తీర్పు గీత గీసింది. నాన్నగారి ప్రశ్నకు నేను చూసినంతలో అత్యంత దగ్గరగా వచ్చిన జవాబు ఇదే. అయితే కొట్టేసిన సెక్షను కిందే పోలీసులు ఇంకా కేసులు పెడుతున్నారని తెలిసి 2021లో అదే కోర్టు నిర్ఘాంతపోయింది. చట్టం పోయినా అలవాటు పోలేదు.

నిన్న రాత్రి నాన్నగారు ఆ చెరిపేసిన నాలుగు వాక్యాలు చెప్పమన్నారు. ఆయనకు వినికిడి బాగా తగ్గింది కనుక అమ్మాయి గొంతెత్తి చదవవలసి వచ్చింది. రెండో వాక్యంలో క్రియ తప్పని పంతులుగారు దిద్దారు. మళ్లీ చదవమన్నారు. అమ్మాయి ఇంకా గట్టిగా చదువుతుంటే ఆయన ఒకసారి కిటికీ వైపు చూశారు. రెక్కలు బార్లా తెరిచి ఉన్నాయి. లేచి మూయలేదు.