చెక్క మీద తోడేలు బొచ్చు చెక్కడం ఎలా?

నమస్కారం. ఈరోజు కాగితం మీద అచ్చు తీయడానికి చెక్క మీద తోడేలు బొచ్చు చెక్కుదాం. ముందు ఈ బొమ్మ చూడండి. 1862లో పారిస్‌లో వచ్చిన, ఫ్రెంచి రచయిత పెరో చెప్పిన పిల్లల కథల పుస్తకానికి చిత్రకారుడు గుస్తావ్ డోరే గీసింది. ఎర్ర టోపీ పిల్ల మంచం మీద దుప్పటి గుండెలకు లాక్కుని, అమ్మమ్మ టోపీ పెట్టుకున్న తోడేలు వంక చూస్తోంది. ఆ చూపులో భయం ఎంత ఉందో, వింత చూస్తున్న కుతూహలమూ అంతే ఉంది.

గీసింది డోరే అయినా, చెక్కింది వేరేవాళ్లు. ఆయన చెక్క మీద కుంచెతో ఛాయలు వేసి ఇస్తే, వాటిని సన్నటి గీతలుగా మార్చింది పిసాన్, పన్నమేకర్ లాంటి పనిమంతులు. ఇలాంటి బొమ్మల కింది మూలల్లో వాళ్ల సంతకాలు ఉంటాయి. దయచేసి వెతికి చూడండి, వాళ్ల పేర్లు ఎవరూ తలుచుకోరు.

ఇది బాక్స్‌వుడ్ అనే గట్టి చెక్క, దుంగను అడ్డంగా కోసిన ముక్క. అందుకే ఎటు చెక్కినా పెచ్చులు లేవవు, వెంట్రుకంత గీతా నిలుస్తుంది. పైన పల్చగా నల్ల సిరా పూశాను. ఆరాక బొమ్మను తిరగేసి దించాను, అచ్చులో కుడి ఎడమలు మారిపోతాయి కదా.

బ్యూరిన్ అంటే గీతలు చెక్కే మొనదేలిన ఉక్కు పనిముట్టు. దాని పిడి అరచేతిలో ఒదగాలి. బొటనవేలు చెక్కకు ఆనాలి. ఎడమ చేతి వేళ్లు ఎప్పుడూ మొనకు వెనకే ఉండాలి. వంపు వచ్చినప్పుడు బ్యూరిన్‌ను తిప్పకండి, ఇసుక నింపిన ఈ తోలు దిండు మీద చెక్కనే తిప్పండి.

ఇప్పుడు బొచ్చు. మనం చెక్కిన చోట సిరా అంటదు, అచ్చులో అదంతా తెల్లగా పడుతుంది, అంటే మన చేతిలో ఉన్నది వెలుగు. అది తగిలే చోట, చెవి అంచున, ముక్కు పైన మొదలుపెట్టండి. వెంట్రుక పెరిగే వైపే చిన్న గీత: మెల్లగా దిగి, కాస్త లోతుకెళ్లి, మెల్లగా పైకి రావాలి. రెండు కొసలూ సన్నబడతాయి, చూశారా? అన్నీ ఒకే పొడవుంటే చాప అల్లినట్టు కనిపిస్తుంది. దవడ కింద ముట్టుకోకండి. ఇంకో గీత వేద్దామని చేయి లాగుతుంది, ఆపండి. పోయిన నలుపు మళ్లీ రాదు.

రోలర్‌తో చిక్కటి సిరా పల్చగా పట్టించి, పల్చటి కాగితం పరిచి, చెంచా వీపుతో రుద్దండి. ఓ మూల ఎత్తి చూడండి. సన్న గీతలు పూడిపోతే సిరా ఎక్కువైనట్టే. తుడిచేసి, తగ్గించి, మళ్లీ తీయండి.

వచ్చే వీడియోలో దుప్పటి మడతలు చెక్కుదాం.