ఏ అలంకారం లేని కోటు

అందరికీ నమస్కారమండి. కొరియా అనగానే ఈమధ్య మన ఇళ్లల్లో పిల్లలు డ్రామాలు, బీటీఎస్ పాటలు అంటారు, నేను మాత్రం ఇవాళ ‘లో క్లాసిక్’ (Low Classic) అనే అక్కడి బట్టల బ్రాండ్ గురించి చెప్తాను. 2009లో సియోల్‌లో లీ మ్యోంగ్-షిన్ అనే డిజైనర్ దీన్ని మొదలుపెట్టారు. వదులు బ్లేజర్లు, వెడల్పు ప్యాంట్లు, పొడుగు ఉన్ని కోట్లు, రంగులు చూస్తే ఎక్కువగా నలుపు, బూడిద, మీగడ తెలుపు, ఎంబ్రాయిడరీ, తళుకు పెద్దగా ఉండవు, అంత డబ్బు పెట్టి ఈ సాదా కోటేంటి అని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు.

సాదాగా కుట్టడమే కష్టమండి! జరీ, నగిషీ ఉంటే కన్ను అటు పోతుంది, కుట్టులో తేడా ఎవరూ పట్టించుకోరు, ఏమీ లేని నల్ల కోటులో భుజం కొంచెం జరిగినా ఇట్టే దొరికిపోతుంది. జాకెట్టు కుట్టించుకునే ఆడవాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు, చంక దగ్గర కటింగ్ తప్పిందంటే ఎంత ఖరీదు గుడ్డైనా దండగే కదా. పెద్ద సైజు కోటు తగిలించుకోవడం వేరు, ఎక్కడ వదులుండాలి ఎక్కడ ఒంటిని పట్టుకోవాలి అని లెక్కగట్టి కత్తిరించడం వేరు, ఆ లెక్కకే నేను దణ్ణం పెడతాను. పైగా సియోల్ చలికాలంలో మైనస్ 10 డిగ్రీల కిందకి కూడా పోతుంది, నెలల తరబడి పైకి కనిపించేది కోటే, అందుకే అక్కడ కోటు మీద అంత శ్రద్ధ.

ఇంకో సంగతి, సియోల్‌లో సొంత ఫ్యాక్టరీ లేని డిజైనర్లు కూడా నిలబడగలుగుతున్నారంటే అందులో దోంగ్‌దేమున్ మార్కెట్ పాత్ర చాలా ఉంది. గుడ్డ, గుండీలు, జిప్పులు, లైనింగ్ అన్నీ అక్కడే, హోల్‌సేల్ షాపులైతే తెల్లవార్లూ నడుస్తాయి, పక్కనే చాంగ్‌షిన్-దోంగ్ అని కొండవాలు బస్తీ, సందుసందుకీ చిన్న చిన్న కుట్టు షెడ్లు, బైకుల మీద తానులు ఎక్కించుకుని ఆ ఎత్తు సందుల్లో తిరుగుతూనే ఉంటారు. కొద్ది పీసులే కావాలన్నా కుట్టిపెట్టే మనుషులున్నారు అక్కడ.

ఆ మనుషుల కథ మాత్రం తేలికైంది కాదండి. అక్కడి ప్యోంగ్‌హ్వా మార్కెట్లో గాలాడని గదుల్లో చిన్నచిన్న ఆడపిల్లలు పొద్దున్నుంచి రాత్రిదాకా మిషన్ తొక్కేవాళ్లు, వాళ్లకోసం కార్మిక చట్టం అమలు చెయ్యమని అడిగి అడిగి, జోన్ తే-ఇల్ అనే 22 ఏళ్ల కటింగ్ మాస్టర్ 1970 నవంబర్ 13న ఒంటికి నిప్పంటించుకున్నాడు. ఇప్పుడు చొంగ్యెచొన్ వాగు మీద వంతెన దగ్గర ఆయన విగ్రహం ఉంది.

చాంగ్‌షిన్-దోంగ్‌లో ఇప్పుడు మిషన్ల ముందు కూర్చునేవాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లే, కుర్రాళ్లు ఈ పనిలోకి రావట్లేదు. డిజైన్ నేర్పే కాలేజీలు సియోల్‌లో బోలెడున్నాయి గానీ, ఆ భుజం కుట్టు అంత నున్నగా పడేలా కుట్టే చెయ్యి ఇంకో ఇరవై ఏళ్ల తర్వాత ఎక్కడ దొరుకుతుందా అనేదే నా బెంగ.