అరవైలో ‘అరుళ్లు మరుళ్లు’: డిమెన్షియాపై స్టూడియో చర్చ

సమన్వయకర్త: నమస్కారం. అరవై దాటితే అరుళ్లు మరుళ్లు అనే మాట మన ఇళ్లలో తరతరాలుగా ఉంది. ఆ ఒక్క మాటతో సరిపెట్టుకోవడం వల్లే జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా క్షీణించే డిమెన్షియా ఉన్నా ఎందరో పెద్దవారి జబ్బు వైద్యుల దాకా వెళ్లడం లేదు. అత్తగారిని ఎనిమిదేళ్లుగా చూసుకుంటున్న గృహిణి, ఒక న్యూరాలజిస్టు, ఒక ప్రజారోగ్య పరిశోధకుడు ఈ రోజు మనతో ఉన్నారు. అమ్మా, మీ ఇంట్లో ఇది ఎలా బయటపడింది?

గృహిణి: మా అత్తయ్యగారు నలభై ఏళ్లపాటు ప్రతి వేసవిలో కొలత గిన్నె వైపు చూడకుండా ఆవకాయ కలిపిన మనిషి. ఆ ఏడాది ఆవపిండి, కారం, ఉప్పు, నూనె అన్నీ ముందు పెట్టుకుని కూర్చున్నారు. కారం పోసిన బేసిన్‌లోనే మళ్లీ కారం పోశారు. ఆ తరువాత ఏం వేయాలో తోచక నా ముఖంలోకి చూశారు. ఆ చూపు నేను మరచిపోలేను. అయినా మేము చాదస్తమనే అనుకున్నాము. ఆసుపత్రికి తీసుకువెళ్లేసరికి రెండేళ్లు గడిచిపోయాయి.

న్యూరాలజిస్టు: మీరు చూసినది చాలా ముఖ్యమైన లక్షణం. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరచిపోయి కాసేపటికి గుర్తు తెచ్చుకోవడం వయసుతో వచ్చేదే. అయితే జన్మంతా చేసిన పనిలో వరుస తప్పడం, తెలిసిన వీధిలోనే దారి తెలియకపోవడం, చిల్లర లెక్క తేలకపోవడం వంటివి రోజువారీ జీవితానికి అడ్డుపడుతున్నప్పుడు డిమెన్షియాను అనుమానించాలి. డిమెన్షియా కేసుల్లో 60 నుంచి 70 శాతం దాకా అల్జీమర్స్ వ్యాధి వల్ల వచ్చేవే. విటమిన్ బీ12 లోపం, థైరాయిడ్ లోపం, కుంగుబాటు కూడా అచ్చం ఇలాగే కనిపించవచ్చు. వాటికి చికిత్స ఉంది కనుకనే, పరీక్ష చేయించకుండా వయసు మీద నెట్టేయడం నాకు బాధ కలిగిస్తుంది.

సమన్వయకర్త: మన దేశంలో ఇది ఎంతమందిలో ఉంది?

పరిశోధకుడు: మన దేశంలోని పెద్దవారిలో డిమెన్షియాను పరిశీలించిన, 2023లో ప్రచురితమైన లాసీ-డాడ్ అధ్యయనం ప్రకారం 60 ఏళ్లు పైబడినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. పదమూడు పద్నాలుగు మంది పెద్దవారు కూర్చున్న అరుగు మీద ఒకరన్నమాట. పురుషులకంటే స్త్రీలలో, పట్టణాలకంటే పల్లెల్లో, చదువుకున్నవారికంటే చదువు లేనివారిలో ఇది ఎక్కువగా కనిపించింది. ఆడపిల్లకు బడి ఎందుకని ఆనాడు ఇంట్లో కూర్చోబెట్టిన అన్యాయం డెబ్బై ఏళ్ల వయసులో ఇలా కూడా వెంటాడుతోందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

న్యూరాలజిస్టు: ఇక్కడ హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో జరిగిన పరిశోధనను ప్రస్తావించాలి. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి, అక్షరం రానివారిలో కూడా ఈ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడే ఊరిలో ఈ విషయం తేలడం నాకు అపురూపంగా తోస్తుంది. భాషలు జబ్బును ఆపుతాయని దీని అర్థం కాదు. మెదడుకు పని పెట్టిన జీవితం, జబ్బు ధాటిని మరికొంతకాలం తట్టుకోగలుగుతుంది.

సమన్వయకర్త: మన చేతిలో ఉన్న ముప్పు కారకాలు ఏమిటి?

పరిశోధకుడు: వైద్య పత్రిక లాన్సెట్ ఏర్పాటు చేసిన నిపుణుల కమిషన్ 2024 నివేదిక అటువంటివి 14 ఉన్నాయని చెప్పింది. వాటన్నిటినీ తొలగించగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను నివారించడం లేదా వాయిదా వేయడం సాధ్యమని అంచనా వేసింది. ఇది జనాభా మొత్తానికి వేసిన లెక్కే గాని, ఏ ఒక్కరికీ ఇచ్చే హామీ కాదు. రక్తపోటు, మధుమేహం, చెడు కొలెస్టరాల్, పొగతాగడం, మద్యం, తలకు దెబ్బ, గాలి కాలుష్యం అందులో ఉన్నాయి. మనవాళ్లు అసలు లెక్కలోకి తీసుకోనిది వినికిడి లోపం. చెవి వినపడనివారు నలుగురిలో కూర్చోవడం మానేస్తారు, మాటలు తగ్గుతాయి, ఒంటరితనం పెరుగుతుంది.

గృహిణి: అత్తయ్యగారు గుడిలో భజనకు వెళ్లడం మానేసింది అందుకేనని ఇప్పుడు అర్థమవుతోంది. పిలిస్తే పలకడం లేదని మేము కోప్పడేవాళ్లం. చెవి మిషన్ పెట్టించాక మతిమరుపు తగ్గలేదు గాని, మనవరాలి మాటకు బదులిస్తున్నారు. డాక్టరుగారూ, మా వారికి 52 ఏళ్లు, బీపీ ఉంది. తల తిరగడం లేదని మాత్రలు మానేస్తుంటారు.

న్యూరాలజిస్టు: ఆయనను ఆలస్యం చేయకుండా తీసుకురండి. నడి వయసులో అదుపు తప్పిన బీపీ ఏ బాధా తెలియనివ్వకుండానే మెదడులోని సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తుంది. పై అంకె 130కి మించకుండా చూసుకోవాలి. వచ్చేటప్పుడు ఆయన మానేసిన మాత్రల పట్టీ కూడా తీసుకురండి.