జేబులో బుల్లెట్

అధ్యక్షులకు, కార్యదర్శిగారికి, భోజనం ముగించి కళ్లు మూతలు పడుతున్న మిత్రులందరికీ నమస్కారం. కార్యదర్శిగారు నన్ను పరిచయం చేస్తూ ముప్పై ఏళ్ల అనుభవం అన్నారు. ముప్పై నాలుగండీ. ఆ నాలుగు తీసేస్తే ఒప్పుకోను, నా రాత్రి డ్యూటీలన్నీ వాటిలోనే ఉన్నాయి.

నాకిచ్చిన అంశం ట్రాన్స్‌మిషన్ లైన్ల నిర్వహణ, అంటే ట్రాన్స్‌మిటర్ నుంచి టవర్ మీది యాంటెన్నాకు పవర్ మోసుకెళ్లే, గొట్టంలో గొట్టంలా ఉండే రాగి లైన్లు. ఇరవై నిమిషాలు, పద్నాలుగు స్లైడ్లు. స్లైడ్లు మా అమ్మాయి చేసిపెట్టింది, బాగున్నాయి.

అసలు మన బ్రాడ్‌కాస్ట్ ఇంజినీర్ల సమావేశం భోజనాల వేళకే ఎందుకు పెట్టారని ఇందాక ఓ తమ్ముడు అడిగాడు. పొద్దున మార్నింగ్ షో, సాయంత్రం ప్రైమ్ టైమ్, అర్ధరాత్రి దాటితే మెయింటెనెన్స్. మనకు మిగిలేది ఈ గంటన్నరే కదా! అమెరికాలో సొసైటీ ఆఫ్ బ్రాడ్‌కాస్ట్ ఇంజినీర్స్ 1964లో మొదలైంది. దాని స్థానిక చాప్టర్లలోనూ చాలాచోట్ల ఇదే పద్ధతి. నెలకోసారి కలవడం, తింటూ ఒక సాంకేతిక విషయం వినడం. ఎక్కడైనా మన బతుకు ఒకటే. తినేటప్పుడు కూడా ఫోను బల్ల మీదే ఉంటుంది, స్క్రీన్ పైకి పెట్టి ఉంటుంది. ఇప్పుడు కూడా చూస్తున్నాను, ఒక్కరూ బోర్లా పెట్టలేదు.

సరే, మొదటి స్లైడు. రాగి వేడికి సాగుతుంది. మీటరు రాగి ఒక్క డిగ్రీకి సుమారు 17 మైక్రోమీటర్లు సాగుతుంది. ఇంతేనా అనిపిస్తుంది. వంద మీటర్ల గొట్టం వేసి, ఉష్ణోగ్రత 30 డిగ్రీలు పెరగనివ్వండి. 5 సెంటీమీటర్లు! పైగా పవర్ నడుస్తుంటే లోపలి కండక్టరు బయటి గొట్టం కన్నా ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి అది ఇంకొంచెం ఎక్కువ సాగుతుంది. ఈ తేడాను రోజూ భరించే వస్తువు ఒకటుంది. రెండు ముక్కల లోపలి కండక్టర్లను కలిపే చిన్న జాయింటు. మనం బుల్లెట్ అంటాం.

ఇదిగో. నేను ఎక్కడికెళ్లినా ఇది జేబులో ఉంటుంది. ఒకసారి విమానాశ్రయంలో దీని పేరు చెప్పి ఇబ్బంది పడ్డాను, అది వేరే కథ.

వెండి పూత. రెండు చివరలా వేళ్లలా చీల్చి ఉంటుంది, స్ప్రింగులా బిగుసుకోవడానికి. మధ్యలో ఈ బిళ్ల టెఫ్లాన్, ఒకప్పుడు తెల్లగా ఉండేది. ఈ వైపు వేళ్లు ఇప్పటికీ మెరుస్తున్నాయి. ఇటు తిప్పితే నాలుగు నల్లబడ్డాయి, ఒకటి కొస కరిగి ఆవగింజలా గుండ్రంగా అయింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన వాసన వస్తుంది. మా ఆవిడ రాదంటుంది. నాకు వస్తుంది.

దీని కథ చెప్పకుండా రెండో స్లైడుకు వెళ్లలేను, క్షమించాలి.

మాది 10 కిలోవాట్ల ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్. రిఫ్లెక్టెడ్ పవర్, అంటే యాంటెన్నాలోకి వెళ్లకుండా వెనక్కి తిరిగొచ్చేది, ఎప్పుడూ 20 వాట్ల చుట్టుపక్కల ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం ఒంటిగంటకు చూస్తే 400. అంటే ఆ తిరిగిరావడాన్ని కొలిచే వీఎస్‌డబ్ల్యూఆర్ 1.5. మిషను తనంతట తానే పవర్ తగ్గించుకుంది, ఇంకో గంటకు ట్రిప్ అయి ఆగిపోయింది. యాంటెన్నా బదులు పవర్‌ను పీల్చుకునే డమ్మీ లోడ్ మీద పెడితే శుభ్రంగా నడిచింది, కాబట్టి తప్పు మిషనుది కాదు. రాత్రి పన్నెండున్నరకు ప్రసారం ఆపి, కొలతలన్నీ తీశాం. అంతా బాగుంది. మళ్లీ 20 వాట్లే. మర్నాడు ఒంటిగంటకు మళ్లీ 400. ఆ రాత్రి మళ్లీ శుభ్రం. మూడు రాత్రులు! యాంటెన్నా మీద అనుమానంతో రెండుసార్లు మనుషుల్ని టవర్ ఎక్కించాను. దొరికిందేమీ లేదు. జబ్బు మధ్యాహ్నం వస్తుంటే నేను అర్ధరాత్రి నాడి పట్టుకుని కూర్చున్నాను.

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి. అదే టవర్ మీద ఇంకో స్టేషన్ ఉంది. వాళ్ల ట్రాన్స్‌మిటర్ గది మా గోడకు అవతలే, వాళ్ల బ్లోయర్ చప్పుడు మాకు వినబడేది. ఆ స్టేషన్ ఇంజినీరు అంతకుముందు ఏడాది సరిగ్గా ఇదే జబ్బుతో అవస్థ పడి బాగు చేసుకున్నాడు. ఆ సంగతి నాకు తెలీదు. ఎందుకంటే మా యాజమాన్యం ఒక సర్క్యులర్ ఇచ్చింది: పోటీ సంస్థ సిబ్బందితో సాంకేతిక విషయాలు మాట్లాడరాదు. కింద నా సంతకం కూడా ఉంది.

ఏమిటండీ ఆ రహస్యం? మా ఫ్రీక్వెన్సీ మేమే గంటకు నాలుగుసార్లు చెప్పుకుంటాం. పవర్ లైసెన్సు మీద రాసి ఉంటుంది. టవర్ ఎత్తెంతో తలెత్తి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. దాచుకోవడానికి మిగిలింది మా తిప్పలొకటే.

అన్నట్టు, టవర్ మీదికి మా మనిషి ఎక్కినప్పుడు పక్క స్టేషన్ పవర్ తగ్గించాలి కదా? ఎఫ్‌ఎం బ్యాండ్‌లో మనిషి ఒళ్లే యాంటెన్నాలా శక్తిని పీల్చుకుంటుంది. అందుకే ఆ పౌనఃపున్యాల దగ్గర రక్షణ పరిమితులు అంత కఠినంగా పెట్టారు. మరి గోడ అవతలి మనిషితో మాట్లాడకుండా పవర్ ఎలా తగ్గించమంటాం? ఆ ఒక్క పనికి మాత్రం ఫోన్ చేసుకునేవాళ్లం, దొంగల్లాగా, రెండు ముక్కల్లో. "మా వాడు ఎక్కుతున్నాడు." "సరే, దించాను." అంతే.

సర్క్యులర్‌ని తిడుతున్నాను గానీ, నిజం చెప్పాలంటే అది లేకపోయినా నేను అడిగేవాణ్ణి కాదేమో. ఇన్నేళ్ల సర్వీసు, ఒక లైన్ ఫాల్టు పట్టుకోలేకపోయాడని అనుకుంటారు కదా.

నాలుగో రోజు ఇలాంటి భోజన సమావేశమే. వెళ్లాలనిపించలేదు, నిద్ర లేదు. వెళ్లాను. ఆ గోడ అవతలి ఇంజినీరు నా పక్కనే కూర్చున్నాడు. నేనేమీ చెప్పలేదు. చెయ్యి కడుక్కుని వస్తూ ఆయనే అన్నాడు: "మధ్యాహ్నం పూట మీ సిగ్నల్ పడిపోతోంది, చూస్తూనే ఉన్నాను. గది బయట లైన్ టవర్ వైపు తిరిగే ఎల్బో ఉంది చూడండి, అది ఎప్పుడు విప్పారు? మిషను ఆపిన వెంటనే లైన్ మీద చెయ్యి వేసి నడవండి."

వెళ్లాను. ఆపాను. చెయ్యి వేసి నడిచాను. గోరువెచ్చగా, గోరువెచ్చగా, ఎల్బోను లైన్‌కు బిగించే ఫ్లాంజ్ దగ్గర చురుక్కుమంది. మిషను లాక్ చేసి, లైన్ ఎర్త్ చేసి, ఆరు బోల్టులు విప్పితే ఇది బయటికొచ్చింది. ఎండకూ పవర్‌కూ లోపలి గొట్టం సాగినప్పుడల్లా దీన్ని పక్కకు నెడుతోంది, పట్టు వదిలేస్తోంది. రాత్రి చల్లబడగానే బుద్ధిమంతుడిలా సర్దుకుని కూర్చుంటోంది. కొత్తది వేయడానికి 40 నిమిషాలు పట్టింది.

ఒక మాట అడుగుతాను, చేతులెత్తండి. ఈ ఏడాది ఎవరి స్టేషనైనా ఆఫ్ ఎయిర్ అయిందా, ప్రసారం ఆగిందా? సిగ్గుపడకండి... మూడు చేతులు. ఇక్కడ నలభై మంది ఉన్నాం. వెనకాల ఆ తమ్ముడు ఎత్తబోయి తల గోక్కున్నాడు, చూశాను.

మనలో ఒకాయన, పేరు చెప్పను, ఇక్కడే ఉన్నాడు, నవ్వుతున్నాడు కూడా. కొత్తలో ఆయన డిష్ మీద సిగ్నల్ పోయింది. పరుగెత్తి డిష్ ముందు సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ మార్చాడు, బొమ్మ వచ్చింది. మర్నాడు ఇంచుమించు అదే వేళకు మళ్లీ పోయింది. ఇంకో ఎల్‌ఎన్‌బీ వేశాడు, మళ్లీ వచ్చింది. మూడో రోజు స్పేర్లు అయిపోయాయి. ఏమీ చెయ్యకుండా కూర్చుంటే కూడా వచ్చింది! పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల సమయంలో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు, ఆ కొద్ది నిమిషాలూ డిష్‌కు సూర్యుడి రొదే వినబడుతుంది. ఏటా రెండుసార్లు, కొన్ని రోజుల పాటు. ఆయన ఈ బల్ల దగ్గర ఆ కథ చెప్పి అందర్నీ నవ్వించాడు. ఆ తర్వాత మాలో ఎవరూ ఆ వారం ఎల్‌ఎన్‌బీ మీద చెయ్యి వేయలేదు.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. అయిపోయిందండీ, ఇంకొక్కటి.

రిటైరయ్యే ముందు ఏడాది మా స్టూడియోలో ఆడియో అంతా కంప్యూటర్ నెట్‌వర్క్ మీదికి మార్చారు. కొత్త నెట్‌వర్క్ స్విచ్ పెట్టాం. మొదలుపెట్టిన నాలుగు నిమిషాల చిల్లరకు ఆడియో ఆగిపోయేది. మళ్లీ కలిపితే మళ్లీ నాలుగు నిమిషాల చిల్లర. కేబుళ్లు మార్చాను, కార్డులు మార్చాను. ఈసారి మాత్రం మూడు రాత్రులు ఆగలేదు. సమావేశానికి వచ్చి అడిగేశాను. ఈ వరసలో కూర్చున్న అమ్మాయి, నా సర్వీసంత వయసు లేదు, తింటూనే అడిగింది: "సార్, సరిగ్గా 260 సెకన్లా?" గడియారం పెట్టి చూడలేదన్నాను. "స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్, అంటే కావాలన్నవాళ్లకే ఆడియో పంపే ఏర్పాటు, ఆన్‌లో ఉంది, క్వెరియర్ లేదు. ఎవరికి ఆడియో కావాలో మళ్లీ మళ్లీ అడిగేవాళ్లు లేరు, అందుకే స్విచ్ మర్చిపోతోంది." పేపర్ నాప్కిన్ మీద బొమ్మ వేసి ఇచ్చింది. ఒక్క సెట్టింగ్. ఆ నాప్కిన్ కూడా దాచుకున్నాను, కాకపోతే జేబులో పట్టదు.

స్లైడ్లు పదమూడు మిగిలాయి. కావలసినవాళ్లకు పంపిస్తాను, మా అమ్మాయి కష్టం ఊరికే పోకూడదు.

ఈ బుల్లెట్ ఆ చివరి బల్ల నుంచి అందరి చేతుల్లోకీ వెళ్లనివ్వండి. వాసన చూసి చెప్పండి, మా ఆవిడ రైటో నేను రైటో. తిరిగి నాకే ఇవ్వాలి.

ఇంకో సంగతి. రిటైరయ్యాక నాకు రోజంతా రేడియో వినడమే పని. పోయిన మంగళవారం మధ్యాహ్నం ఒక స్టేషన్ 35 నిమిషాలు ఆగింది. ఎవరిదో నాకు తెలుసు. ఇందాక చెయ్యి ఎత్తలేదు. అడగను లెండి. ఆ రోజు విప్పి తీసిన ముక్క ఇంకా మీ వర్క్‌షాప్‌లోనే ఉంటే పారేయకండి, వచ్చే నెల వచ్చేటప్పుడు జేబులో వేసుకురండి. నా పక్క కుర్చీ ఖాళీగా ఉంచుతాను.